శాలువా కొడుక్కు, దుకాణం కోడలికి

వరంగల్ గిర్మాజీపేటలో కాపురముంటున్న, కీర్తిశేషులు చంద్రమౌళి గారి భార్య లక్ష్మీనర్సమ్మ అనే నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, నా ఇష్టంతో చెప్పి రాయించి, చదివించుకొని విని, సంతకం చేస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. ఈ ముక్క నా ఒక్కగానొక్క కొడుకు రమాకాంత్ కోసం ప్రత్యేకంగా రాయిస్తున్నాను. నేను పోయిన మర్నాడే "మా అమ్మకు ఆఖర్ల దిమాక్ పనిచెయ్యలే" అంటాడు వాడు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, మోకాళ్లు అరిగాయి. దిమాక్ మాత్రం దివ్యంగా ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. పెట్టినవాడు రమాకాంత్ ఒక్కడే, దుకాణం తన పేర రాయమని. రాయలేదు.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందంటూ ఎవరైనా కాగితం తెస్తే అది దొంగది.

1. వరంగల్ చౌరస్తా దగ్గర జంపఖానాలు, తువ్వాళ్లు, శాలువాలు అమ్మే మా దుకాణం నా స్వార్జితం. మా ఆయన పోయాక నేను సంపాదించి కొన్నది. దాన్ని సరుకుతో, గల్లాతో సహా నా కోడలు సుకన్యకు ఇస్తున్నాను. అమ్ముకున్నా, ఉంచుకున్నా సర్వహక్కులూ ఆమెవే. ఎందుకిచ్చావని నా కొడుకు కోర్టుకెక్కుతాడు కాబట్టి కారణం కూడా ఇక్కడే చెబుతున్నాను.

పెళ్లయిన ఏడాది నుంచీ వాడు భార్యను కొడుతున్నాడు. అడ్డం పోతే నన్నూ తోసేశాడు. ఆమె ఎడమ మణికట్టు విరగ్గొట్టి, దవాఖానలో "మెట్ల మీదికెళ్లి పడ్డది" అని రాయించాడు. ఆ రోజు నేనే కోడల్ని వెంటబెట్టుకొని ఠాణాకు పోయాను. చివరికి పోలీసులు వాడిని హనుమకొండలో ఒక సంస్థ నడిపే తరగతులకు పంపారు. భార్యల్ని కొట్టే మగవాళ్లను మార్చే తరగతులట. కోపమొస్తే నీళ్లు తాగాలి, బయటికి పోయి నడవాలి, తప్పు ఒప్పుకోవాలి అని నేర్పారు. మంచి మాటలే. వాడు ఆ మాటలన్నీ పంతులు ముందు అప్పజెప్పడం నేర్చుకున్నాడు.

ఆఖరి రోజు సభ పెట్టి, మారిన మగవాళ్లకు శాలువాలు కప్పారు. సన్మానం చేయకపోతే మనవాళ్లకు ఏ పనీ పూర్తయినట్టుండదు కదా! ఆ శాలువాలు మా దుకాణంలోనే కొన్నారు. అంచు బాగున్నవి చూసి నేనే ఏరి ఇచ్చాను. వాడి భుజాల మీద ఒకటి పడుతుంటే సంతోషంతో చప్పట్లు కొట్టాను. ఆ వారంలోనే, అరుపు పక్కింటికి వినపడకుండా, అదే శాలువా సుకన్య నోట్లో కుక్కి కొట్టాడు.

ఆ తరగతుల వల్ల మగవాళ్లు మారుతున్నారా లేదా అని ఒక పరిశోధన కూడా జరిగింది. కొన్ని నెలలయ్యాక భార్యలకు ఫోన్లు చేశారు. ఏ నంబరుకు? మొగుళ్లు రాసిచ్చిన నంబరుకు. రమాకాంత్ స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, పక్కనే నిలబడ్డాడు. "మంచిగనే ఉంటాండు మేడం, ఏం ఫికర్ లేదు" అంది సుకన్య. ఇంకేమంటుంది? ఆ మాట పట్టుకొని నా కొడుకును మారినవాళ్ల కింద రాసేశారు. రిపోర్టు అచ్చువేసి మీటింగుల్లో పంచారు.

ఆ రిపోర్టు రాసిన పెద్దమనుషుల మీద నాకు నా కొడుకు మీద ఉన్నంత కోపం ఉంది. తువ్వాలు కొనేవాళ్లు కూడా మా మాట నమ్మి కొనరు. చేత్తో పట్టి, వెలుతుర్లో చూసి కొంటారు. ఒక ఆడమనిషి ప్రాణం గురించి అడగడానికి మీరు మొగుడి చేతిలో ఉన్న ఫోనుకు చేస్తారా? సిగ్గుండాలి. అదే ఇంట్లో నేనున్నాను. నన్నైనా ఒక్కరూ అడగలేదు.

2. నా పేర ఉన్న గిర్మాజీపేట ఇల్లు కూడా సుకన్యకే. నేను పోగానే రమాకాంత్ ఇల్లు ఖాళీ చేయాలి. చేయించే బాధ్యత, ఈ వీలునామా అమలు బాధ్యత వకీలు శ్రీలతది.

శ్రీలత నన్నొక మాట అడిగింది. "మారిండని సుకన్య చెప్తే, ఇంట్ల సగం ఆయనకు రాద్దామా పెద్దమ్మా?" అని. సరేనన్నాను. కన్నదాన్ని కదా. మర్నాడు ఆమెను పిలిపించి ఆ షరతు కొట్టివేయించాను. ఆ ఒక్క మాట చెప్పించడం కోసం వాడు ఆమె రెండో చెయ్యి కూడా విరుస్తాడు. అందుకని ఈ వీలునామాలో ఏదీ సుకన్య నోటి మాట మీద ఆధారపడి లేదు. వాణ్ని వదిలేసినా, వదలకపోయినా ఆస్తి ఆమెదే.

3. నా కొడుకు రమాకాంత్‌కు ఆ శాలువా. ఉతికి మడతపెట్టి బీరువా పై అరలో ఉంచాను. వాళ్ల నాన్న స్కూటరు కూడా వాడికే. చంద్రమౌళి నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. తండ్రిని చూసి నేర్చుకున్నాడని ఎవరూ అనకండి. చిన్నప్పుడు జ్వరమొస్తే వాడు నా కొంగు పట్టుకొని పడుకునేవాడు. ఆ పిల్లవాడంటే నాకిప్పటికీ ప్రాణమే. అయినా మిగతా ఆస్తిలో వాడికేమీ లేదు. మరిచిపోయి కాదు, తెలిసే, కావాలనే ఇవ్వలేదు.

4. పక్కింటి మొగిలమ్మకు నా ఇత్తడి బిందె. సుకన్య చెయ్యి విరిగిన రోజు వచ్చి మా తలుపు బాదింది ఆమె ఒక్కతే. మిగతా వాడకట్టంతా టీవీల సౌండు పెంచుకుంది.

5. బ్యాంకులో నా పేర ఉన్న డిపాజిట్ మొత్తం తేజస్వికి. ఆ పరిశోధనలోనే పనిచేసిన చదువుకునే పిల్ల. రమాకాంత్ సరుకు కోసం కొత్తవాడ పోయిన వేళ చూసి, తువ్వాలు కొనడానికన్నట్టు దుకాణానికి వచ్చింది. లోపలి గదిలో సుకన్య పక్కన కూర్చొని జంపఖానాలు మడతపెట్టింది. చాలాసేపటికి "ఫోన్ల చెప్పింది నేను నమ్మలే అక్కా" అంది. సుకన్య ఏడ్చి, అంతా చెప్పింది. తేజస్వి ఆ మాట తీసుకుపోతే, రిపోర్టు అయిపోయింది, ఇక కలపలేం అన్నారట పెద్దవాళ్లు.

ఈ డబ్బుతో తేజస్వి ఆ భార్యలందరినీ మళ్లీ మొదటి నుంచి అడగాలి. తరగతులు ఆపమని నేననను. నిజంగా మారేవాడుంటే మారనీ. కాని మారాడో లేదో దెబ్బ తిన్న మనిషిని అడగాలి, మొగుడు లేని చోట, తలుపు మూసి అడగాలి. అందుకు బజారులో నాకు తెలిసిన ఆడవాళ్లు తమ దుకాణాల్లో చోటిస్తామన్నారు. మాట్లాడి వెళ్లే మనిషి చేతిలో ఏదో ఒక సరుకు పెట్టి పంపుతారు, "ఇంత సేపు ఏడికి పోయినవ్" అని ఇంట్లో అడిగితే చూపించడానికి.

ఆ దుకాణాలేవో, ఆ సరుకేమిటో తేజస్వికి చెప్పాను. ఇక్కడ రాయించను. ఈ కాగితం రమాకాంత్ చదువుతాడు.

సాక్షిగా తానూ సంతకం పెడతానంది సుకన్య. ఆస్తి వచ్చేవాళ్లు పెట్టకపోవడమే మంచిదని శ్రీలత ఆపింది. అందుకని నా పక్కన కూర్చొని కాగితం కదలకుండా పట్టుకుంది, కుడి చేత్తో.

2025 ఆగస్టు 18, వరంగల్.

సంతకం: లక్ష్మీనర్సమ్మ

మా ఎదుట ఆమె సంతకం చేయగా చూసిన సాక్షులు:
పోశయ్య, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, డోర్నకల్
బక్కమ్మ, గాజుల దుకాణం, వరంగల్