మీటరు నన్ను పట్టించిన రోజు

మల్కాపురం,
విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. నువ్వూ, నీ కడుపులోని పాపాయీ, అమ్మా, బావగారూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప ఇంకేం చేయను, నువ్వు ఫోన్ ఎత్తడం లేదుగా. అమ్మ ఎత్తుతుంది. "బాగానే ఉందమ్మా, కాళ్లు కాస్త వాచాయి" అంటుంది. పక్కన నువ్వు ఉన్నావని గొంతు తగ్గించి మరీ చెబుతుంది. నేనిక్కడ క్షేమం. ఈ మాట రాయడానికి ఈసారి కాసేపు పెన్ను ఆపాల్సి వచ్చింది, కానీ నిజంగానే క్షేమం. ఒక్క కోరిక, దీన్ని కూర్చుని చదువు. కుట్టుమిషను మీద వంగి, ఒక కాలితో తొక్కుతూ చదవకు. అమ్మకు పైకి చదివి వినిపించకు.

సీమంతానికి రాలేదని నీ కోపం. నేను తెచ్చే గాజులే వేసుకుంటానని మధ్యాహ్నం దాకా పేరంటాళ్లను కూర్చోబెట్టావట, అమ్మ చెప్పింది. సాయంత్రం నేను ఫోన్ చేస్తే, "ఒక్క రాత్రి రైల్లో కూర్చోలేనంత పెద్ద ఉద్యోగమైపోయిందా నీది? ఇంక నాకు ఫోన్ చెయ్యకు" అని పెట్టేశావు. ఆఫీసులో పని అని ఒక అబద్ధం చెప్పాను. నువ్వు నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఇప్పుడు నిజం రాయడానికి వీలుంది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. గాలి పోర్టు వైపు నుంచి తిరిగితే ఆరేసిన బట్టల మీద బొగ్గు పొడి పడుతుంది, దులిపి మళ్లీ జాడించుకోవాలి. నా గది మేడ మీద, ఒక్కటే గది. కింద ఇంటావిడ నూకరత్నమ్మ గారు, కోడలు, మనవరాలు. కొడుకు వేటకు వెళతాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. మొదట్లో ఇక్కడి వాళ్ల మాట వేగం అందక, వాళ్లు ఏమన్నా నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది కానీ, మాట్లాడేవాళ్లు తక్కువ. ఆదివారాలు మరీ కష్టం. ఓడల కూత వినిపించినప్పుడల్లా ఎవరో ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు ఉంటుంది. పోనీలే, ఆ సంగతి వదిలెయ్. తిండికి లోటు లేదు, నేను బాగానే ఉన్నాను.

నా పని ఏమిటని నువ్వు ఎన్నిసార్లు అడిగినా "కంప్యూటర్లో గీతలు చూడటం" అని తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను, చెప్పకపోతే మిగతాది నీకు అర్థం కాదు. కరెంటు తయారీకని దేశాలు అణు ఇంధనం దగ్గర పెట్టుకుంటాయి. అందులోంచి కొంత గుట్టుగా బాంబులకు మళ్లించకుండా బయటి నుంచి తనిఖీకి వస్తారు. ముందు ఆ దేశమే తన దగ్గర ఏమేం ఉన్నాయో జాబితా రాసి ఇవ్వాలి. వచ్చినవాళ్లు మీటర్లతో కొలిచి, రాసింది నిజమేనా, రాయనిది ఇంకేమైనా ఉందా అని చూస్తారు. ఆ చూడటం ఇంకా బాగా ఎలా చేయాలన్నదే మా ప్రొఫెసర్ గారి పరిశోధన. ఆయన దగ్గర లెక్కలు కట్టేదాన్ని నేను.

దాని మీదే కిందటి వారం ఇక్కడ అయిదు రోజుల వర్క్‌షాప్ జరిగింది. ఢిల్లీ నుంచీ, బొంబాయి నుంచీ పెద్దపెద్ద వాళ్లు వచ్చారు. ఇద్దరు విదేశీయులు కూడా వచ్చి, మూడు పూటలా పెరుగన్నమే తిన్నారు. మొదటిరోజు నేనూ అరగంట పాఠం చెప్పాను. ఎక్కడ కొలిచినా గాల్లో, నేలలో సహజంగానే కొంచెం రేడియేషన్ ఉంటుంది. ముందు దాన్ని కొలిచి పెట్టుకోవాలి, దాన్ని బ్యాక్‌గ్రౌండ్ అంటాం. బ్యాక్‌గ్రౌండ్ తీసిన మనిషే తర్వాత మీటరు పట్టుకుని తిరగాలి, చేతులు మారకూడదు అని బల్ల గుద్ది మరీ చెప్పాను. అందరూ రాసుకున్నారు.

నాలుగో రోజు ఉత్తుత్తి తనిఖీ పెట్టారు. ఒక జట్టు దేశం, మా జట్టు తనిఖీకి వచ్చినవాళ్లం. మూడు గదులు, ఒక జాబితా. ప్రొఫెసర్ గారు ఆ దేశపు రాయబారి, కోటు కూడా వేసుకొచ్చారు. నా జట్టులో సన్యాసిరావు గారని ఒకాయన ఉన్నారు, యాభై ఏళ్లుంటాయి. అచ్యుతాపురంలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ గేటు దగ్గర పని. పాత ఇనుముతో వచ్చే లారీల్లో రేడియేషన్ ఉన్న ముక్కేదైనా కలిసిందేమోనని మీటరుతో చూడటం ఆయన ఉద్యోగం. పెద్దవాళ్ల మధ్య ఆయన బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే నేనే పిలిచి నా జట్టులో వేసుకున్నాను.

నేను గుమ్మం దగ్గర రిజిస్టర్లో సంతకాలు చేస్తుంటే, ఆయన బయట చెట్టు కింద బ్యాక్‌గ్రౌండ్ తీసుకొచ్చి మీటరు నా చేతికి ఇచ్చారు. నేను తీసుకున్నాను. చూశావా, నేను చెప్పిన పాఠం నాకే గుర్తులేదు!

మొదటి గదిలో అడుగుపెట్టానో లేదో, మీటరు కూసింది. జాబితాలో ఆ గది ఖాళీ. రెండో గదిలోనూ అంతే. వరండాలో కూడా అంతే. నాకు పట్టలేనంత హుషారు వచ్చింది. వెళ్లి రాయబారి గారి ముందు నిలబడి, "మీరు ఏదో దాచారు" అన్నాను. ఆయన నవ్వుతూ, "మా దేశంలో దాచింది ఏమీ లేదు మేడమ్" అన్నారు. "మీటరు అబద్ధం చెప్పదు సార్. మీరే చెబుతున్నారు" అన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, హాలంతా వినిపించింది. అవతలి జట్టు పిల్లలు ఒట్టేసి చెబుతున్నా వినలేదు. గోడల్లో వెతకండి, బీరువాలు జరపండి అని అందరినీ పరుగులు పెట్టించాను.

అప్పుడు సన్యాసిరావు గారు నెమ్మదిగా దగ్గరికొచ్చి, "మేడమ్, ఓపాలి ఆ మీటరు నాకియ్యండి. మీరెల్లి ఆ సివర కుర్సీలో కూకోండి" అన్నారు. వెళ్లి కూర్చున్నాను. మీటరు నెమ్మదించింది. "ఇప్పుడు ఇలగ రండి" అన్నారు. నేను ఒక్కో అడుగు వేస్తుంటే అది ఒక్కో మెట్టు పెరిగింది. ఆయన వెంటనే బటన్ నొక్కి చప్పుడు ఆపేశారు. గోడ వైపు తిరిగి, పక్కవాళ్లకు వినిపించకుండా చెప్పారు:

"మా గేటు కాడ ఓ లారీ డ్రైవరుకి ఇలగే కొట్టింది మేడమ్. లారీ అంతా ఇప్పేసినాం, ఏటీ నేదు. ఆడి పీకలోనే ఉన్నాది, ఆస్పత్రిలో ఇచ్చిన మందు. ఇంట్లో ఎవులికీ సెప్పనేదంట పాపం. మీ ఇంట్లో తెల్సా?"

తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఆయన ప్రొఫెసర్ గారి వైపు తిరిగి, "సార్, బ్యాక్‌గ్రౌండ్ నానే తప్పుగా తీసినాను, పొరపాటు నాది" అనేశారు. అంత పెద్ద మనుషుల ముందు, నాకోసం! తల కొట్టేసినట్టయింది అక్కా. "ఆయన తప్పేమీ లేదు సార్, నాలో ఉంది. అయోడిన్. అయిదు వారాల కిందట ఇచ్చారు" అన్నాను. ప్రొఫెసర్ గారు కోటు విప్పేసి కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. "జ్వరమని సెలవు పెట్టావు కదమ్మా. నాకు చెబితే నీ చేతికి మీటరు ఇచ్చేవాణ్నా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నీకు చెబుతున్నాను. నా మెడలో ఒక గడ్డ లేచింది. ఇక్కడి ఆస్పత్రిలో తీసేశారు. పరీక్షలో థైరాయిడ్ క్యాన్సర్ అని వచ్చింది. లేవకు, కూర్చో. లొంగే రకమేనట, ముందుగానే దొరికిందట, డాక్టర్ గారు రెండుసార్లు చెప్పారు. లోపల మిగిలిందేదైనా ఉంటే పోవడానికి రేడియేషన్ ఉన్న అయోడిన్ గుళిక మింగించారు. మింగాక కొన్నాళ్లు మన ఒంట్లోంచే రేడియేషన్ వస్తుంది. చిన్నపిల్లలకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ దూరంగా ఉండాలి. నీ సీమంతం నాటికి ఆ గడువు తీరలేదు. గాజులు కొని పెట్టుకుని కూడా రాలేదు. అదీ సంగతి.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసినప్పుడు నన్ను వేరే గదిలో పడుకోబెట్టారు గుర్తుందా? ఎవరూ చూడకుండా లోపలికొచ్చి నా పక్కన పడుకున్నావు, వారం తిరిగేసరికి నీకూ పోసింది. రెండుసార్లు కడుపు పోయి, ఇన్నేళ్లకు ఈసారి నిలిచింది నీకు. క్యాన్సర్ అనే మాట చెవిన పడితే, డాక్టరు వద్దన్నా, బావగారు అడ్డుపడినా, రైలెక్కి వచ్చి నా మంచం మీద కూర్చునేదానివి. నిన్ను ఆపగలిగేవాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు? నువ్వు నన్ను తిట్టుకున్నా సరే, అక్కడే ఉంటే చాలనుకున్నాను. తిట్టుకుంటావనుకున్నాను కానీ, మాట్లాడటమే మానేస్తావని అనుకోలేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో అడక్కు. సరే, అడుగుతావు, చెబుతాను. గుళిక వేసే ముందు రెండు వారాలు సముద్రంలో పుట్టినదేదీ తినకూడదన్నారు, మామూలు ఉప్పు కూడా వద్దన్నారు. నూకరత్నమ్మ గారు ఎప్పటిలాగే చేపల పులుసు పంపితే రెండుసార్లు వెనక్కి పంపాను. మూడోసారి ఆవిడే మెట్లెక్కి వచ్చింది. "ఏటమ్మా, మా సేపలు నీకు పనికిరావా ఏటి? మొన్నటిదాకా తిన్నావు గదా, ఇప్పుడు నాం తక్కువోలమైపోనామా?" అంది. ఆ మాటకు ఏడుపొచ్చి మొత్తం చెప్పేశాను. ఈ ఊళ్లో ఇంటి మనిషిగా ఎవరికైనా చెప్పానంటే ఆవిడకే. గుళిక వేసే రోజు చేపల గంప పక్కింట్లో పెట్టి నాతో ఆస్పత్రికి వచ్చింది. కాగితం మీద రాసుకోవడానికి రోగికి ఏమవుతారని అడిగితే, "అమ్మనని రాసీ బాబూ" అంది. ఈ ముక్క అమ్మకు అసలు చెప్పకు, బాధపడుతుంది.

ఆస్పత్రిలో గుళిక ఇచ్చి తలుపు వేసేశారు. అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేవారు. ఇంటికొచ్చాక కింద చంటిపిల్ల ఉంది కాబట్టి నేనే మెట్ల తలుపు గడియ పెట్టుకున్నాను. నా కంచం, నా గ్లాసు, నా దుప్పటి వేరు. ఆవిడ సగం మెట్ల దాకా వచ్చి గిన్నె పెట్టి, "తింతన్నావా? నిద్దరోతన్నావా?" అని అరిచి అడిగేది. నేను పైనుంచి అరిచేదాన్ని. రోజంతా మనిషి గొంతంటే అదే. రేడియేషన్‌కు భయపడలేదు అక్కా, దాని లెక్క నాకు తెలుసు. ఒక రోజు మాత్రం నా చెయ్యి నేనే పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నీ మీద చాలా కోపమొచ్చింది, ఫోన్ ఎందుకు ఎత్తవని. నేను చెప్పనిది నీకు ఎలా తెలుస్తుందని కూడా తోచలేదు.

గడువు తీరాక నూకరత్నమ్మ గారు మేడ మీదకు వచ్చి, "ఓలమ్మో, తలేటి ఇలగైపోనాది!" అని నా తల పట్టుకుని నూనె రాసింది. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆవిడ రాస్తూనే ఉంది.

ఇప్పుడు బాగున్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను. రోజూ పొద్దున్నే ఒక మాత్ర, జీవితాంతం వేసుకోవాలి, అంతే. మెడ మీద గీత ఉంది. నీకు ఓపిక వచ్చాక, ఇప్పుడు కాదు సుమా, పురుడయ్యాక, కాలరు ఉన్న జాకెట్లు రెండు కుట్టిపెట్టు. ఇంకో పని. రాత్రిళ్లు అమ్మ బీపీ మాత్ర మర్చిపోతుంది, బావగారిని చూడమను. బావగారికి, పెదనాన్నగారికి, పక్కింటి మామ్మగారికి నా నమస్కారాలు. పాపాయి ఎటు వైపు తంతోందో నాకు ఎవరూ చెప్పలేదు.

వర్క్‌షాప్ ఆఖరి రోజు సన్యాసిరావు గారు నన్ను చివర కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ కొలిచారు. "ఇంకేటీ పర్వానేదు మేడమ్, ఇంటికెల్లి రండి. మా మీటరుది సిన్నపిల్లల సెవి, ఊరికే ఇంతాది" అన్నారు. ఆయన మాట మీదే ఊరుకోలేదు. ఆయన కొలత రాసిచ్చిన కాగితం పట్టుకుని డాక్టర్ గారి దగ్గరకు వెళ్లాను. ఏడు నెలలు నిండిన మా అక్క దగ్గర కూర్చోవచ్చా అని అడిగాను. డాక్టర్ గారు పరీక్షలన్నీ తిరగేసి, నిరభ్యంతరంగా వెళ్లమన్నారు. ఎంతసేపు కూర్చోవచ్చని అడిగాను. ఎంతసేపైనా అన్నారు. పక్కన పడుకోవచ్చా అని కూడా అడిగాను. నవ్వారు.

శనివారం రైలుకు టికెట్ తీశాను. ఆదివారం పొద్దున్నే మన గుమ్మంలో ఉంటాను. నువ్వు మాట్లాడకపోతే వరండాలోనే కూర్చుంటాను, నాకు అలవాటైపోయింది. తలుపు తీస్తే మాత్రం, ముందు రెండు తగిలించు, నీ కోపం తీరిపోవాలి. ఆ తర్వాత నన్ను దగ్గరకు తీసుకో అక్కా. ఇప్పుడు తీసుకోవచ్చు.

పెద్దదానివి, నన్ను దీవించు.

నీ చెల్లెలు,
పద్మ