కవరు విప్పని చీర

హన్మకొండ,
బుధవారం

సుకన్యక్కకు, కోపం మీదున్న చెల్లెలు యమున రాసేది.

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు "జర నన్ను మాట్లాడనియ్యవే" అంటావు, మధ్యలో బావ టీవీ సౌండు పెంచుతాడు. అందుకే రాస్తున్నాను. రేపు మా ఆయన హరీష్ పత్తి కొనుగోలు పని మీద మీ కేసముద్రం వస్తున్నాడు, ఆయన చేతికిస్తాను.

మా స్కూల్లో ఈ వారం బట్టల వారం. చవగ్గా కొని, రెండుసార్లు వేసి పారేసే బట్టల వల్ల నీళ్లూ నేలా ఎలా పాడవుతున్నాయో పిల్లలకు చెప్పాలి. సోషల్ టీచర్ని కదా, నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే దిగాను. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలేవాళ్లే. ఒక చొక్కా వెనక ఎంత చాకిరీ ఉంటుందో వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. అంతలో మా ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ సార్ ఏం చేశాడో తెలుసా? ఈ వారం కోసమని పిల్లలందరికీ కొత్త ఆకుపచ్చ టీషర్టులు తెప్పించాడు! వీపు మీద "తక్కువ కొందాం" అని అచ్చు. ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు. "కొనొద్దని చెప్పడానికి కొన్నారా సార్?" అంటే "ఫొటోల మంచిగ కనవడ్తది మేడం, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అఖిల్ అని ఒకడున్నాడులే, ఆ గుడ్డను పట్టి సాగదీసి చూసి, "ఒక్కపాలి ఉతికితె ఇది మా తమ్మునికి సరిపోతది మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను తల ఎక్కడ కొట్టుకోవాలో చెప్పు.

సరే, ఇళ్లలో ఎవరూ కట్టని బట్ట ఏదైనా ఉంటే అమ్మనడిగి తెమ్మన్నాను, సంచులు కుట్టిద్దామని. ఫోన్లో ఆర్డర్ పెట్టుకున్న టాపులూ జీన్సులూ వస్తాయనుకున్నాను. అవొక్కటీ రాలేదక్కా! "అవి ఏసుకుంటం మేడం, గివే ఎవలు కట్టరు" అని ఒక్కొక్కరూ చీరలు తీస్తున్నారు. ఫంక్షన్లలో బొట్టు పెట్టి చేతిలో పెట్టే చీరలు. కవరు కూడా విప్పలేదు. ఒకరింట్లో పెట్టింది ఇంకొకరింటికి, అక్కడి నుంచి మరొకరింటికి తిరుగుతూనే ఉంటాయి. పుస్తకంలో పై దేశాల ఫ్యాషన్ గురించి పాఠం చెబుతూ నేను మన బీరువాలే మరిచిపోయాను.

కాబట్టి చెబుతున్నాను. సింధు లంగా ఓణీ ఫంక్షన్‌కు వచ్చిన చుట్టాలందరికీ పెట్టడానికి చీరలు కొనబోతున్నావని విన్నాను. కొనకు. నీ బిడ్డకు మేనమామ తేవాల్సిన లంగా నేనే తెస్తాను, మనకు అన్నదమ్ములు లేరు కదా. నువ్వు మాత్రం నా మొదటి జీతంతో కొన్న నేరేడు రంగు నారాయణపేట చీర కట్టుకో. ఎప్పుడడిగినా "మంచి రోజుకు కడతలే" అంటావు. ఇంతకన్నా మంచి రోజు ఎక్కడి నుంచి తెస్తావు?

నీ చెల్లెలు,
యమున


హన్మకొండ,
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం చదివి నాకు ఫోన్ చేయకు. ఎత్తను.

నిన్న హారిక అనే పిల్ల ఒక చీర తెచ్చింది. నెమ్మదైన పిల్ల, వాళ్లమ్మ కూలికి పోతుంది. నేరేడు రంగు, ఆవపువ్వు రంగు అంచు. అలాంటివి బజార్లో ఎన్ని లేవు అనుకుంటూ కవరు విప్పాను. ఫాల్ ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది. నేరేడు రంగు దారం అయిపోయి, షాపు దాకా పోవడానికి బద్ధకించి, చేతికందిన ఆకుపచ్చ దారంతో నేను కుట్టిన ఫాలది. "కుట్టు చూస్తేనే ఎవల చెయ్యో తెల్వాలె" అని నువ్వు నవ్వావు, గుర్తుందా? "మా మేనమామ ఇంట్ల ఫంక్షన్ల మా అమ్మకు పెట్టిండ్రు మేడం" అంది హారిక. వాళ్లకు ఎవరు పెట్టారో, ఆ ముందు ఎవరు పెట్టారో తనకేం తెలుసు?

నా మొదటి జీతం అక్కా. ఆ నెల బస్సెక్కకుండా నడిచి వెళ్లాను. దాన్ని నువ్వు ఒక్కసారి కూడా కట్టకుండా ఎవరి చేతిలోనో పెట్టేశావు. ఇన్నాళ్లూ మంచి రోజు, మంచి రోజు అని నాకు అబద్ధం చెప్పావు. నచ్చలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు ఎంత ఏడుపొచ్చిందో క్లాసులో చెప్పలేక, కత్తెర తీసుకొని పైట వైపు నేనే కోశాను. హారిక నా చెయ్యి పట్టుకుంది. "కొయ్యకుండ్రి మేడం! కట్టేటివి కొయ్యద్దని మీరే చెప్పిండ్రు గద. గిది కొత్తగనే ఉన్నది, ఎవలన్న కడుతరు" అంది. నా పాఠం నాకే అప్పజెబుతోంది! పోయి కూర్చో అని కసిరాను. పోయి కూర్చుంది, కానీ ఉత్త చేతులతో కాదు, కోసిన పైట ముక్క తీసుకుపోయి పిన్నీసులతో మళ్లీ జతచేయడం మొదలుపెట్టింది. ఈ స్కూల్లో నా మాట వినేవాళ్లు ఒక్కరూ లేరు.

సింధు ఫంక్షన్‌కు నేను రావడం లేదు. లంగా ఎవరి చేత తెప్పించుకుంటావో తెప్పించుకో. పుట్టింటి వాళ్లు పెట్టింది నీకు పనికిరాదని ఇప్పుడు తెలిసింది కదా.

యమున


కేసముద్రం,
ఆదివారం

నా చెల్లె యమునకు,

నువ్వు ఫోన్ ఎత్తవు, బావ ఫోన్ కూడా ఎత్తవు. నీ ఉత్తరం తెచ్చిన హరీష్ ఇక్కడే టీ తాగుతూ కూర్చున్నాడు, ఇది నీకు అందే దాకా అన్నం తిననంటున్నాడు. తెల్లకాగితం దొరక్క సింధు పరీక్ష అట్ట మీది కాగితం గుంజుకున్నాను.

నీకు ఎప్పుడూ తొందరే. కోపానికీ తొందరే, కత్తెరకూ తొందరే.

నాకు కడుపు ఆపరేషన్ అయి దవాఖానలో ఉన్నప్పుడు మా ఆడబిడ్డ ఇంటి గృహప్రవేశం వచ్చింది, నీకు తెలుసు. చుట్టాలకు పెట్టడానికి చీర ఒకటి తక్కువైతే మా అత్త భద్రమ్మ నా బీరువా తెరిచింది. పైనే నీ చీర ఉంది. కవరులో, మడత చెదరకుండా. పెట్టుడు చీరే అనుకొని పట్టుకుపోయింది. ఇంటికి వచ్చి బీరువా మొత్తం కిందికి తోడాను. "ఎన్నడు కట్టకపోతివి, నీకు ఇష్టం లేదనుకున్న బిడ్డా" అన్నది అత్త. పెద్ద మనిషిని ఏమంటాను? ఎవరికి పెట్టిందో ఆమెకే గుర్తు లేదు. అడిగి మళ్లీ తెచ్చుకుందామన్నా, బొట్టు పెట్టి ఇచ్చిన చీర తిరిగి అడిగే మొహం ఎవరికి ఉంటుంది?

నీకెలా చెప్పాలో తెలియలేదు. నువ్వు నడిచిపోయిన సంగతి నాకు తెలియదనుకున్నావా? అమ్మ ఆనాడే చెప్పింది. అందుకే అది పేడ పనికీ, కూర మరకకూ కట్టబుద్ధి కాలేదు. మంచి రోజు కోసం దాచాను, నిజంగానే దాచాను. కట్టుకోని చీర ఇష్టమైనదో కానిదో చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తప్పు అత్తది కాదు, నాది. చీర పోయాక కూడా, నువ్వు అడిగినప్పుడల్లా మంచి రోజు అని మాట దాటేశాను.

ఇప్పుడు నా మాట విను. హారిక తల్లిని అడిగి ఆ చీర నాకు ఇప్పించు. ఉత్తగ తీసుకోకు, హన్మకొండ బజారుకు తోలుకపోయి ఆమె కట్టుకునే చీర ఆమెనే ఏరుకోమను. తల్లినీ బిడ్డనూ ఫంక్షన్‌కు తోలుకరా. కత్తెర పట్టిన టీచర్ చెయ్యి ఆపిన పిల్లను నేను చూడాలి. పైట పోయినా నడుమ చీర ఉన్నది కదా, సింధుకు లంగాకు చాలుతుంది. నువ్వు కోసిన ముక్క రవికకు పనికొస్తుంది, పిన్నీసులు తీయకుండా అట్లనే తే. ఆకుపచ్చ కుట్టు విప్పకు. టైలర్ విప్పుతానన్నా ఒప్పుకోకు. ఓణీ సంగతి నేను చూసుకుంటాను.

చుట్టాలకు చీరలు కొనడం మానేశాను. మా అత్త రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు, అదీ నీ వల్లనే.

సింధు పీటల మీద కూర్చునే ముందు పుట్టింటి లంగా నీ చేతి మీదుగానే రావాలి. నువ్వు రాకపోతే పిల్ల పీట మీద కూర్చోనంటుంది, నేను కూర్చోబెట్టను కూడా.

ఒక్కటే మాట. కవరులో పెట్టకు. అందరూ చూసేటట్టు చేతుల మీద వేసుకొని రా.

నీ అక్క,
సుకన్య