కదలని లైను

తార్నాక,
బుధవారం.

నా నవనీతకు,

ఫోన్ బ్లాక్ చేశావు. మీ అక్క కౌముది తలుపు తీయకుండా కిటికీలోంచే "లేదు పో" అంది. అందుకని ఉత్తరం. ఇంటర్ తప్పినవాడి రాత, సర్దుకుని చదువుకో. భయపడకు, ఈసారి కవర్లో రబ్బరు బల్లి లేదు.

నీ కోపంలో తప్పు లేదు. మహిళల ప్రపంచ టోర్నీ మన ఊరికొస్తే, ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు వికెట్ కీపింగ్ చేసిన నువ్వు టీవీలో చూడాల్సి వచ్చింది. టికెట్లన్నీ అయిపోయాయట, స్టాండ్లలో చూస్తే ఖాళీ కుర్చీలు. వాటిలో ఏడు మీవి.

నెట్‌లో కొన్నవాళ్లు ఎవరికి వాళ్లొచ్చి, ఆధార్ చూపించి కాగితం టికెట్ తీసుకోవాలన్నారు. నెట్‌లో కొన్నాక మళ్లీ కాగితమెందుకో ఆ మహానుభావులకే తెలియాలి. కౌంటర్ నేను పిచ్ మీద రోలర్ లాగే మన క్యాంపస్ గ్రౌండ్ దగ్గరన్నారు. నువ్వూ నీ పాత జట్టులో ఆరుగురూ పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డారు, రజిని అయితే మోకాలి పట్టీతో. టెంటుంది, బల్లుంది, బల్ల వెనక మనిషి లేడు.

నేను మిక్సీ బాగుచేయించడానికి అంబర్‌పేట వెళ్లాను కదా. అక్కడ ఒక ఫంక్షన్ హాలు ముందు టోర్నీ బ్యానర్ కనిపించింది. లోపల నలుగురు టికెట్ల కట్టలు ముందేసుకుని సమోసాలు తింటున్నారు.

"కౌంటర్ నిన్ననే గీడికి మార్చిన్రు అంకుల్. ఒక్కలు గూడ వస్తలేరు," అన్నాడొకడు.

"మరి క్యాంపస్‌ల నిలబడ్డోళ్లకు ఎవలు చెప్పాలె?"

"అది మా డ్యూటీ కాదు."

ఐదింటికి మూసేస్తారట. నీకు ఫోన్ చేస్తే "నీ పరాచకాలు ఇయ్యాల వద్దు" అని పెట్టేశావు. మిక్సీ అక్కడే వదిలేసి ఆటోలో వచ్చిపడ్డాను. బతుకులో మొదటిసారి నిజం కోసం గొంతు చించుకున్నాను. "కౌంటర్ అంబర్‌పేటకు మారింది, నడువున్రి!"

లైనులో సగంమంది నన్నెరిగినవాళ్లే. "ఎంకన్న చెప్తున్నడు, ఎవ్వరు కదలకున్రి!" అని లాలాపేట సామేలు కేకేశాడు. "మొన్న ఫ్లైఓవర్ బంద్ అన్నవ్. ఊరంత తిరిగి ఇంటికి పోయిన!"

ఒకటే నవ్వులు. మెడలో కార్డేసుకున్న వాలంటీర్ "అరగంటల గీడనే తెరుస్తరు" అన్నాడు. వాడు పొద్దున్నుంచీ అదే అరగంట చెబుతున్నాడు. అయినా వాణ్నే నమ్మారు. నా మెడలో కార్డు లేదు మరి.

నీ దగ్గరికొచ్చి చేతులు జోడించాను. "ఒట్టు నవనీతా, నా కండ్లతోని చూసిన." నువ్వూ నవ్వావు.

ఆరింటికి అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది. కౌంటర్ మార్చాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. అప్పటికి అంబర్‌పేటలో తాళం పడి గంటయింది.

ఆ టోర్నీ నడిపినవాళ్లను తిట్టడానికి నా నోట్లో మాటలకు కొదవలేదు. కానీ తిడదామని నోరు తెరిస్తే నా మొహమే ముందుకొస్తోంది. మన పెళ్లిలో మీ పెదనాన్నతో నేను రోలర్ శాస్త్రంలో లెక్చరర్‌నని చెప్పిన మొహం ఇది. జనం నవ్వినప్పుడల్లా గెలిచాననుకున్నాను. నా మాట విలువ కాస్త కాస్త తరిగిపోతోందని తెలుసుకోలేకపోయాను.

ఇక మానేశాను. నిన్న గ్రౌండ్‌లో ఆటగాళ్లు "ఒక జోకు చెప్పన్నా" అంటే రోలర్ మీద ఊరికే కూర్చున్నాను. జ్వరమేమోనని నుదురు తాకి చూశారు.

ఇంటికి రా. నమ్మకపోయినా సరే, రా.

నీ
ఎంకన్న


నల్లకుంట,
శుక్రవారం.

మా ఇంటాయనకు,

కవరు దులిపి చూసుకున్నాకే చదివాను.

కోపంతో వచ్చానని ఎవరు చెప్పారు నీకు? నువ్వు అబద్ధమాడేటప్పుడు నీ మొహం పటంలో దేవుడిలా కదలకుండా ఉంటుంది. ఆ రోజు నీ పెదాలు వణికాయి. చెప్పు తెగి, కాలుతున్న తారు మీద ఒంటికాలిచెప్పుతో నిలబడ్డావు. నువ్వు చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు.

తెలిసీ కదల్లేదు. "రోలర్ లాగేటోణ్ని చేసుకున్నవేందే" అని మన పెళ్లిలో అడిగినవాళ్లే నా వెనక నిలబడ్డారు. నీ మాట పట్టుకుని వాళ్లను పరుగెత్తిస్తే, తీరా అక్కడ ఏమీ లేకపోతే, మళ్లీ అదే మాటంటారని భయపడ్డాను. అందుకే వాళ్లతోపాటు నవ్వాను. నువ్వు కుంటుకుంటూ వెళ్లిపోతుంటే కూడా నవ్వుతూనే ఉన్నాను. మ్యాచ్ పోతే పోయింది. ఆ నవ్విన మొహం నీకెలా చూపించాలో తెలియక మా అక్క ఇంట్లో దాక్కున్నాను.

నిన్న రజినికి ఇదంతా చెప్పాను. తర్వాత తనే అందరికీ ఫోన్లు చేసింది.

ఆదివారం పొద్దున మేం ఏడుగురం గ్రౌండ్‌కు వస్తున్నాం, టెన్నిస్ బంతితో ఆడుకోవడానికి. పిచ్ మీద రోలర్ తిప్పి ఉంచు. అంపైర్‌వి నువ్వే. నువ్వు వేలెత్తితే అవుటే, నోరు మూసుకుని వెళ్లిపోవాలని అందరిచేతా ఒప్పించాను.

నన్ను మాత్రం ఒక్కసారి అన్యాయంగా అవుటివ్వు. కదలని ఆ మొహం చూసి చాలా రోజులైంది.

నీ
నవనీత