పురుగు తిన్న ఆకుల కిమోనో

తకామోరి,
సెప్టెంబరు 23.

పూజ్యులైన అత్తయ్యగారికి, నడుం వంచి నమస్కరించి అల్లుడు టొమోయా రాసుకుంటున్న ఉత్తరం.

పొలం గట్ల మీద ఎర్ర లిల్లీలు ఒక్క రోజులో విచ్చుకున్నాయి. ఎండ ఇంకా తగ్గలేదు గానీ పొద్దున్నే కుళాయి నీళ్ళు చల్లగా తగులుతున్నాయి. ఇక్కడ మేం నలుగురం క్షేమం. కనజావాలో మీ మోకాలు ఎలా ఉందో, వేళకు తింటున్నారో లేదో మాకు తెలియడం లేదు. ఆదివారం ఆదివారం మీ అమ్మాయి నత్సుమి ఫోన్ చేస్తే, తిన్నాను, పడుకుంటున్నాను అని మీరు పెట్టేస్తున్నారట. అందుకే నేను కలం పట్టాను. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడం కుదరదు కదా.

ఆగస్టులో మీరు పంపిన బట్ట చేరింది. కోటొనె పుట్టినప్పుడు, మనవరాలి మూడేళ్ళ పండగకని మావయ్యగారు తన చేత్తో అద్దకం వేసిన బట్ట. ఆయన చేతి మీదుగా వచ్చిన ఆఖరి బట్ట కూడా అదేనని మాకు తెలుసు. నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళందరి కిమోనోలూ కుట్టిన మీరు, దాని మీద కత్తెర పెట్టడం నా వల్ల కాదు, అక్కడే ఎవరి చేతనైనా కుట్టించుకోండి అని చీటీ రాసి పంపారు. ఫిబ్రవరిలో ఆయన పోయినప్పటి నుంచి మీరు కుట్టుపెట్టె మూత తియ్యలేదని నత్సుమి చెప్పింది. ఆ సంగతి ఉత్తరంలో ఎత్తొద్దని కూడా చెప్పింది. ఎత్తేశాను, ఏం చేస్తాం.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కొట్లో అద్దెకు తెద్దామని నత్సుమి అంది. తాత వేసిన బట్ట బీరువాలో పెట్టుకుని అద్దె కిమోనో ఏమిటి, నేనే కుడతాను అన్నాను. నత్సుమి నా మొహం చూసింది, గోడకేసి తిరిగి దగ్గింది. సహకార సంఘం షెడ్డులో పళ్ళు పెట్టెలకెత్తుకునే వాడికి కిమోనో కుట్టడమేమిటని మీరూ అనుకుంటారు. నిజమే. కానీ మా అమ్మ లేదు, మీరు కుట్టనంటున్నారు, పండగేమో నవంబరు పదిహేను.

మూడు రోజులు కొలిచి, మావయ్యగారికి మనసులో దణ్ణం పెట్టుకుని, కత్తెర పెట్టాను. ఒక్క జానెడు కూడా వృథా కాలేదు. బట్ట మీది ఆకుల అంచున, మీ ఊరి అద్దకం పద్ధతిలో ఆయన వేసిన పురుగు తిన్న చిల్లులు చూసి, వీటిని ఎవరు కొరికారు అని కోటొనె అడిగింది. తాతయ్యే అని నత్సుమి చెప్పింది. అప్పటి నుంచి అది ఆకుకూర తినేటప్పుడల్లా ఒక చిల్లు పెట్టి, తాతయ్య ఆకు అని మాకు చూపిస్తోంది.

మొన్న బడి వాళ్ళు పిల్లల్ని చిలగడదుంపలు తవ్వడానికి తీసుకెళ్ళారు, మేమూ వెళ్ళాం. కోటొనె ఒక తీగ పట్టుకుని లాగీ లాగీ వెల్లకిలా పడింది. దాంతోపాటు మా చంటాడు గెంతా తలకాయంత దుంప ఊడి వచ్చింది. ఇంటికొచ్చాక దాన్ని ఉడకబెట్టనివ్వదే. చెప్పుల పెట్టెలో రుమాలు పరిచి పడుకోబెట్టింది. దాని పేరు మామయ్య అట. గెంతాకు తొమ్మిది నెలలు నిండాయి, కింద రెండు పళ్ళు వచ్చాయి, కనిపించినవన్నీ కొరుకుతున్నాడు. మామయ్యను కూడా కొరికాడు, దాని మీద అక్కాతమ్ముళ్ళకు పెద్ద యుద్ధం జరిగింది.

ఈ పార్సెల్లో కిమోనో ఎడమ చెయ్యి పంపుతున్నాను. మీకు కుట్టు గురించి రాయడం తాతకు దగ్గులు నేర్పడమే, అయినా రాస్తాను. నా చొక్కా ముందు పెట్టుకుని, చంక దగ్గర గాలి కూడా దూరకుండా మొత్తం మూసి కుట్టాను. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు నాకైతే బాగానే ఉంది. సరిగ్గా ఉంటే చెప్పండి, కుడి చెయ్యీ ఇలాగే మూసేస్తాను.

పండగకు మిమ్మల్ని రమ్మని అడగమని నత్సుమి అంది. కాసేపాగి, అడగొద్దు, అమ్మను ఇబ్బంది పెట్టొద్దు అంది. రెండు మాటలూ రాసేశాను, మీకు నచ్చింది వినండి.

మీ అల్లుడు,
టొమోయా

తకామోరి,
అక్టోబరు 28.

పూజ్యులైన అత్తయ్యగారికి మళ్ళీ టొమోయా నమస్కారాలు.

కొండలు నడుం దాకా ఎర్రబడ్డాయి. సాయంత్రం అయిదింటికే దీపం పెట్టుకుంటున్నాం. మీ వైపు వానలు మొదలయ్యాయని విన్నాం, మోకాలికి పట్టీ వేసుకోండి.

మీ పార్సెల్ అందింది. విప్పితే, ఇది నేను కుట్టిన చెయ్యేనా అనిపించింది. మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టారు. ఉత్తరం ఉంటుందేమోనని కాగితాలన్నీ దులిపాను, లేదు. గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ మాత్రం ఉంది, ఇది ఆడపిల్ల చెయ్యి, చంక తెరిచి ఉంచాలి, బియ్యం బస్తా కాదు, అని. ఇన్నేళ్ళలో ఇంత ఆనందంగా తిట్లు తిన్నది లేదు. నత్సుమి ఆ కుట్టును వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. అమ్మ సూది పట్టింది అంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంది. చాలాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. మీ చీటీని ఇప్పుడు ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

పోయిన ఆదివారం మీరు ఫోన్లో పదకొండు నిమిషాలు మాట్లాడారట. పదకొండు నిమిషాలూ నన్నే తిట్టారట. చాలా సంతోషం.

ఇక్కడ ఇప్పుడు పెర్సిమన్ కాయల పని. పెరట్లో చెట్టుకు ఈ ఏడు రెండు వందల ముప్ఫై కాయలు. నేను నిచ్చెన మీద, నత్సుమి కింద బుట్టతో, కోటొనె ఎవరూ అడగని సలహాలతో. చెట్టు చిటారున ఒక కాయను పిట్టలకు వదిలేశాం. అది ఎందుకు వదిలారని కోటొనె అడిగితే, చెట్టుకు కాపలా అని చెప్పాను. నీకు అందలేదు గదా, అందుకే అని నిచ్చెన దిగాక అదే నాకు చెప్పింది. చెక్కు తీసి, తాళ్ళకు కట్టి, ఎండటానికి చూరు కింద వేలాడదీశాం. వీధిలోంచి చూస్తే మా ఇల్లు పెళ్ళివారి ఇల్లులా ఉంది.

ఎండక ముందు ఆ కాయ ఎంత వగరో మీకు తెలుసు. అందరం అటు తిరిగి ఉన్నప్పుడు కోటొనె ఒకటి కొరికింది. మొహం ఎలా పెట్టిందో చూడలేదు గానీ, చప్పుడు లేకుండా నా దగ్గరికొచ్చి, నాన్నా, చాలా తియ్యగా ఉంది, నువ్వు కూడా తిను, అని మిగతా కాయ నా నోటికందించింది. తిన్నాను. నాలుక గంట దాకా నాది కాదు. ఇది మా అమ్మాయి ఆడిన మొదటి అబద్ధం, తారీఖు వేసి ఆల్బంలో రాసుకున్నాం. ఎవరి పోలికో అని నత్సుమి నా వైపు చూసింది.

మొన్న అడవిలో ఓక్ కాయలు ఏరుకొచ్చి, పుల్లలు గుచ్చి బొంగరాలు చేశాను. పద్నాలుగు చేస్తే మూడు తిరిగాయి. గెంతా బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఆ బొంగరాల కోసమే. నిలబడ్డాక ఎలా కూర్చోవాలో తెలియక ఏడ్చాడు.

సరే, అసలు సంగతి. ఈ పార్సెల్లో కుడి చెయ్యి. చంక తెరిచే ఉంచాను, బుద్ధి వచ్చింది. కానీ కోటొనె చూసి, నాన్నా, ఆకులు పైకి రాలుతున్నాయి అంది. తలకిందులుగా వచ్చిందేమో అని నాకూ అనుమానంగానే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సూదిదే తప్పంటున్నాను గానీ, మావయ్యగారి ఆకులు ఆకాశంలోకి ఎగురుతుంటే ఆయన ఊరుకుంటారా? మీరే చూడండి.

అత్తయ్యగారూ, ఈసారి సూటిగా అడుగుతున్నాను. పదిహేనో తారీఖుకు రండి. చేతులు మీరు సరిచేసినా, పిల్లకు కట్టే వాళ్ళు ఎవరు? నత్సుమి నడుం పట్టీకి ముడి వేస్తే అది సంచీ మూతిలా ఉంటుంది. మీరు రాకపోతే ఏమీ అనదు, మీరు వచ్చే బస్సు టైము మాత్రం రోజూ చూస్తోంది.

మీ అల్లుడు,
టొమోయా

తకామోరి,
నవంబరు 18.

పూజ్యులైన అత్తయ్యగారికి, ఈసారి మరింత వంగి, టొమోయా నమస్కారాలు.

మీరు క్షేమంగా చేరారని ఫోన్లో విన్నాం. పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పడింది. మీ ఎదుటే జరిగిన పండగను మీకే రాయడం ఎందుకంటారేమో. మీరు చూడనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం మీరు బస్సు దిగినప్పుడు మీ చేతిలో కుట్టుపెట్టె ఉండటం నత్సుమి నాకన్నా ముందు చూసింది. నమస్కారం పెట్టడం మరిచిపోయి, బస్సులో టిఫిను దొరికిందా అని మూడుసార్లు అడిగింది అందుకే.

ఇంటికొచ్చి కిమోనో తిరగేసి చూసి, ఇదేమిటయ్యా, వీపు బోడిగా వదిలేశావు, పిల్లకు వెనక కాపలా ఎవరు అని మీరు నన్ను కేకలేశారు. పెద్దవాళ్ళ బట్టకు వీపున అతుకు ఉంటుంది, పసిపిల్లల బట్ట ఒకే పన్నా, వెనక నుంచి కీడు రాకుండా అక్కడ కాపు కుట్టు వెయ్యాలి, ఇది కూడా తెలియదా అన్నారు. మీరు కిటికీ దగ్గర కూర్చుని ఆ కుట్టు వేస్తున్నంత సేపూ నత్సుమి తలుపు వెనక నిలబడి ఉంది. ఉడుకుతున్న దుంపలు మాడిపోయాయి. అందులో ఒకటి చెప్పుల పెట్టెలో పడుకున్న మామయ్య దుంపే. దాన్ని పోనీలే తినేద్దాం అని కోటొనె వారం కిందటే ఒప్పుకుంది, మీకు చెప్పలేదు.

చివర దారం కత్తిరించకుండా జానెడు వదిలేశారు మీరు. పిల్ల నూతిలోనో నిప్పులోనో పడబోతే దేవుడు పట్టుకుని లాగడానికని కోటొనెకు చెప్పారు. మీరు నిద్రపోయాక, దేవుడికి గోళ్ళుంటాయా అని అది నన్ను అడిగింది. గుడి మెట్ల మీద జారి మోకాళ్ళ మీద పడ్డప్పుడు అది ఏడవకుండా వెనక్కి తిరిగి చూసుకుంది గుర్తుందా. దారం ఎవరు పట్టుకున్నారో చూసుకుంది. దేవుడు రాలేదు అమ్మమ్మా అని మీకు ఫిర్యాదు చేసింది. నువ్వే లేచావు కదా, ఆయనకు ఇక పనేముంది అని మీరన్నారు. ఆ మాట నత్సుమి ఆల్బంలో రాసుకుంది.

ఫోటోలు కడిగించి పంపుతున్నాను. పైన వేసిన చేతుల్లేని కోటు వల్ల మీ కాపు కుట్టు ఏ ఫోటోలోనూ కనబడదు. చేతుల మీద మావయ్యగారి ఆకులు మాత్రం బాగా పడ్డాయి, కుడి చెయ్యి మీరు సరిచేశాక అన్నీ కిందికే రాలుతున్నాయి. నిండు నూరేళ్ళు బతకాలని పండగనాడు గుళ్ళో ఇచ్చిన వెయ్యేళ్ళ మిఠాయి కోటొనె ఇంకా చప్పరిస్తూనే ఉంది, దుప్పటికి అంటుకుంది. చూరు కింద కాయలకు తెల్లగా చక్కెర పొడి పట్టింది. ముప్ఫై కాయలు వేరే పార్సెల్లో వస్తున్నాయి, అన్నీ ఒక్కరోజే తినకండి.

మీ పక్కింటావిడ మనవరాలికి కిమోనో కుట్టడానికి మీరు ఒప్పుకున్నారని నత్సుమి చెప్పింది. చాలా సంతోషం.

మీ అల్లుడు,
టొమోయా

తా.క. ఉత్తరం ఇక్కడితో ఆపితే మర్యాదగా ఉండేది. కానీ బస్సెక్కే ముందు మీరు నా చేతిలో ఒక పొట్లం పెట్టి, నేను వెళ్ళాక విప్పు అన్నారు. ఊరగాయ అనుకున్నాను. అందులో నా దారం ఉంది. సెప్టెంబరులో నేను పంపిన చెయ్యి ఊడదీసినప్పుడు తీసిన దారం, మొదట్లో వేసిన ముడితో సహా. కింద మీ చీటీ: "కుట్టు వంకర. ముడి మాత్రం మడత లోపల ఎవరికీ కనబడకుండా దాచావు. కుట్టు రానివాడు ముడి దాచడు. మొదటి రోజే తెలిసింది. తల్లి లేని పిల్లాడు, తిట్టే మనిషి కోసం వెతుక్కుంటున్నాడు అనుకున్నాను. సరే, తిట్టాను."

ఒప్పుకుంటున్నాను. మా అమ్మ ఊరి జాతర కోట్లు కుట్టేది. ఏడో ఏట నుంచీ పక్కన కూర్చుని నేనూ కుట్టాను. ముడి దాచడం ఆవిడ నేర్పిందే. చంక మూసింది, ఆకులు తలకిందులు చేసింది, అంతా కావాలనే, మీరు మళ్ళీ సూది పట్టాలని. నత్సుమికీ తెలుసు, అందుకే గోడకేసి దగ్గింది. ఒక్క కాపు కుట్టు మాత్రం నిజంగానే రాదు. ఆవిడ నాకు అది నేర్పకుండానే పోయింది.

మిమ్మల్ని నేనే లాగుతున్నానని రెండు నెలలు లోలోపల మురిసిపోయాను. మీ చీటీ చదివి బస్టాండు బెంచీ మీదే కూర్చుని ఏడ్చాను. నన్ను ఎవరూ తిట్టక పదకొండేళ్ళయింది అత్తయ్యగారూ. అది వెతుక్కుంటున్నానని నాకే తెలియలేదు.

గెంతా అయిదేళ్ళ పండగకు ఇంకా నాలుగేళ్ళుంది. మగపిల్లాడి చెయ్యి చంక దగ్గర మూసి కుట్టాలా, తెరిచి ఉంచాలా? ఒట్టు, ఈసారి నిజంగానే తెలియదు. రాయండి.