పట్టర్ ఎందుకు రాలేదంటే

అత్తకి,

నీ ఉత్తరం అందింది. పరీక్షలయ్యే దాకా నా ఫోన్ నాన్న బీరువాలో ఉంటుంది కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తున్నాను. హాల్లో ఇంకో ఫోన్ ఉంది కానీ దాని పక్కన తాతయ్య ఉంటారు.

నీ పాత పట్టర్, అదే గోల్ఫ్ బంతిని గుంటలోకి నెట్టే ఆ కర్ర, పంపమన్నావు. అటక మీద నీలం దుప్పట్లో చుట్టి ఉంటుందని కూడా రాశావు. ఈ మధ్య నాలుగడుగుల దూరం నుంచి నెట్టినా బంతి గుంటలో పడటం లేదని, వచ్చే నెలాఖరు టోర్నమెంట్ కూడా పోతే టూర్ కార్డు పోతుందని, కార్డు లేకపోతే వచ్చే ఏడాది ఏ దేశంలోనూ ఆడనివ్వరని, అంతా అర్థమైంది.

అటక ఎక్కాను. అక్కడ తాతయ్య సర్వే గొలుసు ఉంది. అమ్మ కుట్టుమిషను మూత ఉంది. నాన్న కళ్లజోళ్ల షాపు పాత బోర్డు ఉంది. చాలా సామాను ఉంది అత్తా. వెతుకుతున్నాను.

తాతయ్య రోజూ పేపర్లో నీ పేరు కోసం భూతద్దం పెట్టి చూస్తున్నారు. మొదటి పదిమంది పేర్లే వేస్తారని చెప్పాను. "మరి ఆ పదిమందిలో ఉండటానికి దానికేం రోగం?" అన్నారు.

ఉంటాను మరి,
నీ మేనకోడలు చీమ

తా.క. ఊరికే అడుగుతున్నాను. నీ ఎత్తెంత? ఈ మధ్య ఏమైనా తగ్గావా?

*

చీమకి,

నాకు ముప్పై నాలుగేళ్లు. మనుషులు ఎత్తు తగ్గే వయసుకి ఇంకా టైముంది. ఉత్తరం అడుగున అలాంటి పిచ్చి ప్రశ్నలు రాసి నా బుర్ర తినకు.

ఈ హోటల్లో నా గది కిటికీ లాండ్రీ గొట్టం వైపు తెరుచుకుంటుంది. టేబుల్ లేదు. దీపం మీద మేజోళ్లు ఆరేసి, ఇస్త్రీ బల్ల మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. దేశాలు తిరుగుతోంది, దర్జాగా ఉందని మీరంతా అనుకుంటారు. గోల్ఫ్‌లో మొదటి రెండు రోజులయ్యాక సగం మందిని ఇంటికి పంపేస్తారు, దాన్ని కట్ అంటారు. వరసగా ఐదు వారాల నుంచి శుక్రవారం సాయంత్రానికే పెట్టెలు సర్దుకుంటున్నాం. సబ్బు సగం కూడా అరగడం లేదు.

అటకంటే ఎంత, పదడుగులు. మా నాన్న ముప్పై ఏళ్లు ఊళ్లకి ఊళ్లే కొలిచాడు. ఆయన ఇంట్లో ఒక్క పట్టర్ దొరకదా? నాకెందుకో మీ నాన్న మీద అనుమానంగా ఉంది. నేను మొదటిసారి టూర్‌కి బయల్దేరిన రోజు, గుమ్మంలో నిలబడి "బంతిని గుంటలో వెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్న మనిషి. ఎవరికైనా ఇచ్చేశాడా? నిజం చెప్పు.

ఆలస్యం చెయ్యకు.
అత్త

తా.క. ఈ ఉత్తరం తాతయ్యకి చదివి వినిపించకు.

*

అత్తకి,

పట్టర్ దొరికింది. ముందే చెప్తున్నాను, నాన్న ఏమీ చెయ్యలేదు. నాన్నని ఏమీ అనకు.

కానీ పంపడానికి సరైన పెట్టె దొరకడం లేదు. కొరియర్ ఆఫీసులో ఆవిడ "పొడుగెంత?" అని అడిగింది. అది నేను అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. చెప్పలేక వచ్చేశాను.

ఈలోగా నాకో ఆలోచన వచ్చింది. మా ఫిజిక్స్ పుస్తకంలో పెండ్యులం పాఠం ఉంది. తాడు పొట్టిదైతే గుండు త్వరగా ఊగుతుందట. అంటే పొట్టి పట్టర్‌తో నీ పని త్వరగా అయిపోవచ్చు. మోకాళ్లు ఇంకాస్త వంచి ఆడి చూడరాదా? నడుముకి కూడా మంచిదేమో.

ఇంకొకటి. నువ్వు వద్దన్నావు కానీ నీ ఉత్తరం తాతయ్య చేతికే వచ్చింది. "చదవవే" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఏం చెయ్యను? కాగితం చూస్తూ నేనే కల్పించి చదివాను. నువ్వు బాగున్నావని, గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తోందని, పోయిన వారం నలభయ్యో స్థానంలో వచ్చావని. "నలభయ్యా? క్లాసులో ఎంతమంది?" అన్నారు. నూట యాభై అన్నాను. "అయితే పర్వాలేదు" అని కర్ర పట్టుకుని పార్కుకి వెళ్లారు. సాయంత్రానికి ఆ బెంచీ మీద కూర్చునే నలుగురికీ తెలిసిపోయింది.

కోపం వద్దు,
చీమ

తా.క. పట్టర్‌కి పై చివర పట్టుకోవడానికి రబ్బరు తొడుగు ఉంటుంది కదా. అది తప్పనిసరిగా ఉండాలా, లేక అందానికా?

*

చీమకి,

నలభయ్యో స్థానం అని ఎవరు చెప్పమన్నారే నిన్ను? రేపు నేనొస్తే ఆ బెంచీ పెద్దలకి ఏం చెప్పుకోవాలి? సముద్రం ఎక్కణ్నుంచి తెచ్చావు? ఇక్కడ చూడాలన్నా ఒక చెరువు లేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దొరికింది అంటావు. పొడుగు చెప్పలేనంటావు. రబ్బరు అందానికా అంటావు. అడక్కుండానే నాన్న ఏమీ చెయ్యలేదంటావు. నాకు విషయం అర్థమైపోయింది. మీ నాన్న దాన్ని విరగ్గొట్టాడు. నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తున్నావు. షాపులో షట్టర్ ఎత్తడానికి వాడి ఉంటాడు, నాకు తెలీదా ఆయన సంగతి.

అందుకని షాపు అడ్రసుకి మీ నాన్నకి వేరే ఉత్తరం రాశాను. పన్నెండు పేజీలు వచ్చింది. పట్టర్‌తో మొదలుపెట్టాను కానీ, రాస్తుంటే నా చిన్నప్పటి సైకిలు, నా రెయిన్‌కోటు, పదో తరగతిలో నా జామెట్రీ బాక్సు, అన్నీ గుర్తొచ్చాయి. ఏదీ వదల్లేదు.

టోర్నమెంట్ ఇంక రెండు వారాలే ఉంది. ముక్కలైనా సరే పంపు.

అత్త

తా.క. నా మోకాళ్ల గురించి, నడుము గురించి ఇంకొక్క ముక్క రాశావో, చూడు.

*

అత్తకి,

నీ పన్నెండు పేజీలు శనివారం వచ్చాయి. నాన్న షాపులోనే చదివారు. చదివాక ఒకే కళ్లజోడుని గంటసేపు తుడిచారని, ఒకాయనకి వేరొకాయన అద్దాలు బిగించి పంపారని అమ్మ చెప్పింది. ఇంటికొచ్చి టార్చిలైటు పట్టుకుని అటకెక్కారు. చాలాసేపు దిగలేదు. దిగాక తలంతా బూజు. "నేనే ఎవరికో ఇచ్చేసి మర్చిపోయుంటాను. జామెట్రీ బాక్సు కూడా నిజమే" అని అమ్మతో అన్నారు. నీకు క్షమాపణ రాయడానికి కాగితం అడిగారు. నా నోట్సులోంచే చింపి ఇచ్చాను.

చెయ్యని తప్పుకి ఆయన అలా కూర్చుని రాస్తుంటే చూడలేకపోయాను. అందుకని ఈసారి తా.క.లో దాచకుండా పైనే రాస్తున్నాను.

పట్టర్ కోసింది నేను.

ఎనిమిది నెలల క్రితమే అటక మీంచి తీశాను. లెక్కల ట్యూషన్ నుంచి అరగంట ముందే వచ్చేసి, డాబా మీద స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, అందులోకి బంతి నెడుతుంటాను. ఎవరికీ తెలీదు. ఇంట్లో ఒక గోల్ఫర్ ఉంది, చాలని నాన్న ఎప్పుడూ అంటారు కదా. అది నాకు పొడుగైపోయి చివర కడుపులో గుచ్చుకునేది. ఒకరోజు బాత్‌రూమ్ పైపు బాగుచెయ్యడానికి ప్లంబర్ వచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన చేతిలో పైపు కోసే కట్టర్ ఉంది. అడిగాను. రెండు నిమిషాల్లో నాలుగంగుళాలు కోసేశాడు. "ఏ లైనుదమ్మా ఈ పైపు? ఇందులోంచి నీళ్లు రావే" అన్నాడు.

ఇవాళ కొరియర్ చేశాను. కోసిన ముక్క రబ్బరుతో సహా పక్కనే పెట్టాను. నాన్నకి నేనే చెప్పాలి. రెండుసార్లు షాపు దాకా వెళ్లి, అద్దంలోంచి చూసి తిరిగి వచ్చేశాను. నీ కార్డు పోతే అది నా వల్లే. ఆ మాట తల్చుకుంటే అన్నం దిగడం లేదు.

చీమ

తా.క. పదడుగుల నుంచి పదికి ఏడు పడుతున్నాయి. అది బాగా ఆడినట్టా కాదా అని అడగడానికి ఇక్కడ ఎవరూ లేరు.

*

చీమకి,

పార్సిల్ బుధవారం అందింది. విప్పి, కోసిన ముక్కని పైన ఆనించి చూశాను. దుర్మార్గురాలా, ఎంత నున్నగా కోయించావే. తిట్టడానికి కాగితం తీశాను. కానీ నువ్వు పైనే రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. నువ్వు రాయగలిగావు. నేను రెండేళ్లుగా రాయలేకపోయాను.

కార్డు పోతుందని రాశాను కానీ, ఎవరిదో రాయలేదు. నా కార్డు పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి నేను ఆడటం లేదు. ఇంకొకావిడ ఆడుతుంటే ఆవిడ సంచి మోస్తున్నాను. గాలి ఎటు వీస్తోందో, గుంట ఎన్ని గజాల దూరంలో ఉందో చెప్పడం, ఆవిడ కొట్టాక ఇసుక సరిచెయ్యడం నా పని. పేపర్లో నా పేరు ఉండదు, తాతయ్య ఎంత పెద్ద భూతద్దం పెట్టినా. నాలుగడుగుల నుంచి పడనిది ఆవిడ బంతే. కర్ర మారిస్తే చెయ్యి కుదురుతుందేమోనని పట్టర్ అడిగిందీ ఆవిడ కోసమే.

ఆవిడ నాకంటే జానెడు పొడుగు. నువ్వు కోసిన పట్టర్ పట్టుకుని నిలబడితే, నేల మీద పడ్డ ఉంగరం వెతుకుతున్నట్టు ఉంది. పక్కవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తన పట్టర్‌తోనే ఆడి, రెండు స్ట్రోకుల తేడాతో కట్ తప్పింది. కార్డు పోయింది. "ఇంక నీ అవసరం ఉండదు" అంది నాతో. మర్యాదగానే అంది. అది నీ వల్ల కాదు. పొడుగు పట్టర్ పంపినా ఆవిడ చేతులు వణికేవే. నువ్వు అన్నం తిను.

అందరూ వెళ్లాక పట్టర్‌తో ప్రాక్టీసు చేసే గడ్డి మీద పదడుగుల నుంచి పది కొట్టాను, నీ పొట్టి పట్టర్‌తో. నాలుగే పడ్డాయి. నీకు ఏడు పడుతున్నాయి అంటే బాగా ఆడుతున్నట్టే. రెండేళ్ల తర్వాత నా కోసం నేను కొట్టిన బంతులవి. అక్కణ్నుంచి తిన్నగా ఆఫీసుకెళ్లి, కార్డు కోసం పెట్టే పోటీకి నా పేరిచ్చి వచ్చాను. నీ పరీక్షలయిన మరుసటి వారం మొదలవుతుంది. నాలుగు రోజులు. సంచి మోయడానికి మనిషి కావాలి. బరువుంటుంది, చెప్తున్నాను.

అత్త

తా.క. మీ నాన్నకి ఒక్క పేజీ రాశాను, ఆయన తప్పేమీ లేదని. ఆదివారం నేను వస్తున్నాను, అప్పటిదాకా నువ్వు నోరు తెరవకు. తాతయ్యనీ మీ నాన్ననీ కూర్చోబెట్టి ముందు నా సంగతి చెప్తాను, తర్వాత నీది. ఆ వరసలో చెప్తే నీది వాళ్లకి అసలు తప్పులాగే అనిపించదు.