పార్క్ పత్రికలో నా పుట్టినరోజు

లేక్‌ల్యాండ్, ఫ్లోరిడా
14 సెప్టెంబరు 1981

అన్నయ్యా,

నీకూ వదినకీ ప్రభువు పేరిట వందనాలు. నా ఆరోగ్యం బాగానే ఉంది. ఇల్లు వదలాల్సి వస్తుందేమోనన్నదే భయం.

మా మొబైల్ హోమ్ పార్క్ రిటైరైనవాళ్ల కాలనీ. యాభై ఐదు నిండనివాళ్లు ఒంటరిగా ఉండకూడదని రూలు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన వయసు సరిపోయింది, నన్నెవరూ అడగలేదు. పోయిన నెల పార్క్ పత్రికకి పుట్టినరోజు రాసిమ్మంటే, అలవాటుకొద్దీ స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ రాసిచ్చాను. "మనలో అందరికన్నా చిన్నావిడకి యాభై నాలుగు" అని అచ్చేశారు. క్లబ్‌హౌస్‌లో కేక్ కూడా కోయించారు. మర్నాడే మేనేజర్ తలుపు కొట్టాడు.

నిజానికి నాకు యాభై ఎనిమిదనీ, స్కూల్లో వేసేటప్పుడు నాన్న నాలుగేళ్లు తగ్గించి రాయించారనీ చెప్పాను. "ఏ తండ్రైనా అలా చేస్తాడా?" అని నవ్వాడు. వచ్చే నెలాఖరుకల్లా కాగితం చూపించాలట.

మన చర్చి రిజిస్టర్లో అసలు తేదీ ఉంది. పాస్టరుగారి చేత బాప్తిస్మం సర్టిఫికెట్ రాయించి పంపాలి.

ఒక్క సంగతి రాయలేక రాస్తున్నాను. మనిద్దరికీ ఒకే రోజు బాప్తిస్మం ఇచ్చారు కదా, ఆ పేజీలో నా పైవరుస నీదే. నీకూ నాన్న నాలుగేళ్లు తగ్గించారు. ఆ లెక్కన హెడ్మాస్టరుగా నువ్వు మూడేళ్ల కిందటే రిటైరవ్వాల్సింది. పాస్టరుగారేమో మీ స్కూలు కమిటీలో ఉన్నారు.

నీకు ఇబ్బందనుకుంటే ఆయన్ని అడగొద్దు. ఆ మాటే త్వరగా రాసెయ్యి, సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతాను.

నీ చెల్లెలు