అమ్మాయి లైసెన్సు నిలిచింది

తమ్ముడూ,

మన అమ్మాయి లైసెన్సు పోకుండా నిలిచింది, ఇందాకే ఫోనులో కబురొచ్చింది. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువు.

మన అమ్మాయిలా ఊపిరి వైద్యం చేసేవాళ్లు ఎప్పటికప్పుడు కొత్త పాఠాలు చదివి పాసవకపోతే లైసెన్సు తీసేసి, ఆసుపత్రిలో ఊపిరి మిషను ముట్టుకోనివ్వరట. నా ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాక, నా సేవలో పడి ఆ పాఠాలన్నీ వదిలేసింది పిచ్చిది. గడువు ముంచుకొచ్చాక నా మంచం పక్కనే కూర్చుని చదివింది. చివరి పాఠానికి ఎవరి ఛాతీ అయినా విని రాసి పంపాలట.

"నాన్నా, నువ్వే నా రోగివి, కదలకు" అంది.

"ఫీజిస్తేనే కూర్చుంటా" అన్నాను. నవ్వింది.

వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. మళ్లీ విన్నది. ఇక నవ్వలేదు. "కిందివైపు గాలే ఆడటం లేదు నాన్నా" అంది. విన్నది విన్నట్టు రాసి పంపితే పూర్తి మార్కులు వేశారు తమ్ముడూ. నా బిడ్డ చెవి అంత నిక్కచ్చి.

నేను పోయినా అది తన కాళ్ల మీద నిలబడుతుంది. నాకింకేం కావాలి.

అక్కయ్యకూ బావగారికీ చెప్పు. పెద్దమ్మ కొడుకులకు చెప్పు. నా బామ్మర్దికి గట్టిగా చెప్పు, లైసెన్సు గల్లంతేనని పందెం కాసింది వాడే. దూరాన ఉన్న చిన్న చెల్లాయికి మాత్రం నా ఛాతీ సంగతి కూడా చెప్పి, వెంటనే బయల్దేరమను.